బావతో పెట్టిన వ్యాపారంలో నా వాటాకు కాగితం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న

ఈసారి జవాబు రాస్తున్న ఉత్తరం చాలా పెద్దది. రాసినాయనకు నలభై నాలుగేళ్లు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

2015లో ఆయన, ఆయన అక్క భర్త కలిసి ఎలక్ట్రికల్ సామాను హోల్‌సేల్ వ్యాపారం మొదలుపెట్టారు. బావకు ఆ లైన్లో పరిచయాలున్నాయి, చేతిలో డబ్బు లేదు. ఈయన తనకున్న స్థలం అమ్మి 9 లక్షలు బావ బ్యాంకు ఖాతాకు పంపారు. భార్య బంగారం తాకట్టు పెట్టి ఇంకో 5 లక్షలు నగదుగా ఇచ్చారు. లాభమైనా నష్టమైనా చెరి సగం అని ఇంట్లో కూర్చుని అనుకున్నారు, రాసుకోలేదు. షాపు అద్దె ఒప్పందం, కరెంట్ అకౌంట్, తర్వాత తీసుకున్న జీఎస్టీ నంబరు అన్నీ బావ పేరు మీదే. ఇల్లు గడవడానికి ఈయన నెలనెలా కొంత తీసుకునేవారు. ఆడిటరు దాన్ని పుస్తకాల్లో జీతంగా రాశాడు. ఏడాది చివర లెక్క చూసి బావ ఈయన ఖాతాలో డబ్బు వేసి, "నీ సగం వేశాను, చూసుకో" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టేవారు. ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది.

రెండేళ్ల కిందట మేనల్లుడు చదువు ముగించుకుని షాపులోకి వచ్చాడు. లెక్కలు అతని చేతికి వెళ్లాయి, లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ మారింది. అప్పటి నుంచి వాటా రావడం లేదు. అడిగితే బాకీలు వసూలు కావడం లేదన్నారు. మూడు నెలల కిందట గట్టిగా అడిగితే బావ, "నువ్వు పని చేశావు, జీతం తీసుకున్నావు. ఇందులో నీ వాటా ఏముంది? మీ అక్క మొహం చూసి 6 లక్షలు ఇస్తా, తీసుకుని వెళ్లు" అన్నారట. ఆ రోజు నుంచి ఈయన షాపుకు వెళ్లడం లేదు.

భార్య కోర్టుకు వెళ్దామంటోంది. తల్లి "అక్క కాపురంలో నిప్పులు పోయకురా" అని ఏడుస్తోంది. తెలిసిన లాయరు ఒకరు చీటింగ్ కేసు పెడదాం, అరెస్టు భయంతో దిగొస్తాడు అన్నారు. ఉత్తరం చివర్లో ఈయన ఇలా రాశారు: "ఇంకో విషయం, 2019లో షాపుకు బ్యాంకులో సీసీ లిమిట్ (ఒక హద్దు దాకా ఎప్పటికప్పుడు తీసి వాడుకునే అప్పు) తీసుకున్నప్పుడు నేనూ సంతకం చేశాను. మా ఇంటి కాగితాలు కూడా అక్కడే ఉన్నాయి. అదేం పెద్ద విషయం కాదనుకుంటా. నా బాధల్లా ఒక్కటే. ఇన్నేళ్ల కష్టానికి విలువ లేదా? కాగితం లేకపోతే నాకు హక్కే లేదా?"

జవాబు

మీ ఉత్తరమంతా చదివాక నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీరు పెద్ద విషయం కాదన్న ఆ సంగతే. లాయరు గదిలో ఇది రోజూ కనిపిస్తుంది. వచ్చినవాళ్లు గంటసేపు కూర్చుని తమకు జరిగిన అన్యాయమంతా చెప్తారు. లేచి తలుపు దాకా వెళ్లి, "అన్నట్టు, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చానండీ, పర్వాలేదు కదా" అంటారు. మళ్లీ కూర్చోబెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. మనిషికి ముందు గుర్తొచ్చేది తగిలిన దెబ్బ, ఆ తర్వాతెప్పుడో పెట్టిన సంతకం. చట్టం మాత్రం సంతకం దగ్గరే మొదలుపెడుతుంది.

అందుకే నేనూ అక్కడే మొదలుపెడతాను. బ్యాంకులో మీరు పెట్టింది జామీను సంతకమై ఉండాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే. ముందు మీ బావను అడిగి, అక్కడ రాకపోతేనే మీ దగ్గరకు రావాలన్న నియమం బ్యాంకుకు లేదు. ఖాతా మొండిబాకీ అయిందంటే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసిచ్చి, కోర్టులో దావా వేయకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే పని మొదలుపెట్టొచ్చు. ఇప్పుడు మీరెక్కడ నిలబడి ఉన్నారో చూడండి. లెక్కలు మీ చేతిలో లేవు. సరుకు మీ చేతిలో లేదు. ఆ లిమిట్ నుంచి డబ్బు తీసేది మీరు కాదు. కట్టకపోతే పోయేది మాత్రం మీ ఇల్లు.

కాబట్టి ఈ వారమే బ్యాంకుకు ఒక లేఖ ఇవ్వండి. జామీను పత్రం, లిమిట్ మంజూరు పత్రం నకళ్లు కావాలని, ఇవాళ్టికి బాకీ ఎంతో, రెన్యువల్ ఎప్పుడో తెలపాలని జామీనుదారుగా అడగండి. ఇచ్చినట్టు రసీదు ముద్ర వేయించుకోండి. ఆ లేఖలో బావతో గొడవ ప్రస్తావన వద్దు. ఇక ముందు తీసుకునే అప్పుకు నాకు సంబంధం లేదని నోటీసిచ్చే హక్కు కాంట్రాక్టు చట్టం 130వ సెక్షన్ కింద జామీనుదారుకు ఉంది. అయితే ఆ హక్కును వదులుకుంటున్నట్టు జామీను పత్రంలోనే బ్యాంకులు రాయించుకుంటూ ఉంటాయి. అలా రాసి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. రాసి లేకపోయినా, ఇప్పటిదాకా ఉన్న బాకీకి మీ బాధ్యత, ఇంటి మీది తాకట్టు అలాగే ఉంటాయి. పైగా అలాంటి నోటీసు అందగానే బ్యాంకు లిమిట్ ఆపేయొచ్చు. సరుకు కొనడానికి డబ్బాడక వ్యాపారం కుంటుపడితే, మీరు అడుగుతున్న వాటా విలువ కూడా దానితోనే పడిపోతుంది. అది పత్రం లాయరుతో చదివించాక తీసుకోవాల్సిన నిర్ణయం. ఒక్కటి మాత్రం లాయరు దాకా వెళ్లకుండానే చెప్పగలను. రెన్యువల్‌కని ఎవరైనా కొత్త కాగితాలు తెస్తే, అక్క చేత పంపినా సరే, వాటా సంగతి తేలేదాకా సంతకం పెట్టకండి.

ఇక మీరడిగిన దానికి వస్తాను. కాగితం లేకపోయినా హక్కు ఉంటుంది. భాగస్వామ్యం రాతలోనే ఉండాలని 1932 నాటి భాగస్వామ్య చట్టం ఎక్కడా చెప్పలేదు. అందరూ కలిసిగానీ, అందరి తరఫున ఒకరుగానీ నడిపే వ్యాపారంలో లాభం పంచుకుందామని ఒప్పుకుంటే అది భాగస్వామ్యమే. ఎవరికెంత అన్నది తేల్చుకోకపోయినా సమానంగా పంచమంటుంది చట్టం. అయితే మీ బావ మాటకూ ఆ చట్టంలోనే చోటుంది. లాభంలో కొంత అందుకున్నంత మాత్రాన ఎవరూ భాగస్వామి అయిపోరని, పనికి ప్రతిఫలంగా లాభంలో భాగం తీసుకునే ఉద్యోగులూ ఉంటారని, అసలు సంబంధమేమిటో వాస్తవాలన్నీ కలిపి చూడాలని 6వ సెక్షన్ అంటుంది. ఆడిటరు రాసిన "జీతం" మీద ఆయన లాయరు గట్టిగా నిలబడతాడు. మీ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల్లోనూ అదే ఉంటే ఇంకా గట్టిగా నిలబడతాడు. మీ కేసులో బలహీనమైన చోటు ఇదేనని ముందే తెలుసుకోండి. ఏమీ కాదని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి.

కానీ మిగతావి కూడా చూడండి. పనికి కుదిరినవాడు యజమాని ఖాతాలో 9 లక్షలు వేయడు. జీతగాడు షాపు అప్పుకు తన ఇంటి కాగితాలు తెచ్చి పెట్టడు. ఏటా లెక్కలు ముగిశాక అతనికి "నీ సగం" అన్న మెసేజ్ రాదు. ఇంటిని ప్రమాదంలో పెట్టిన ఆ బ్యాంకు సంతకమే రేపు కోర్టులో మీకు మంచి సాక్ష్యం అవుతుంది. లిమిట్‌కు పెట్టుకున్న దరఖాస్తులో మిమ్మల్ని ఏమని రాశారో తప్పకుండా చూడండి. బ్యాంకు దగ్గరకు వెళ్లినప్పుడు "మా పార్ట్‌నర్" అని రాసి, ఇప్పుడు గుమాస్తా అంటే ఆ మాట నిలబడటం కష్టం.

"ఏ కాగితమూ లేదండీ" అంటూ వచ్చేవాళ్లలో చాలామంది దగ్గర నిజానికి కాగితాలుంటాయి. ఒప్పంద పత్రం అనే పేరుతో ఉండవు, అంతే. మీ 2015 నాటి బ్యాంకు స్టేట్‌మెంటు ఇప్పుడే తీయించండి, ఆలస్యమయ్యే కొద్దీ పాత రికార్డు దొరకడం కష్టమవుతుంది. స్థలం అమ్మిన దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. అమ్మిన తేదీ, బావ ఖాతాకు పంపిన తేదీ పక్కపక్కన పెడితే కథ దానంతటదే చెబుతుంది. నగదుగా ఇచ్చిన 5 లక్షలు నిరూపించడం అన్నింటికన్నా కష్టం. బంగారం తాకట్టు రసీదు, ఆ రోజుల్లో మీ మధ్య నడిచిన ఒక్క మెసేజ్ అయినా దొరుకుతుందేమో వెతకండి. సరుకు దించుకున్నప్పుడు మీరు సంతకం చేసిన చలాన్లు, కంపెనీలవాళ్లతో మీరు నడిపిన మెయిళ్లు, షాపు తరఫున మీరు ఆడిన బేరాలు కూడా ఇందులోకే వస్తాయి.

వాట్సాప్ మెసేజీలున్న ఫోను జాగ్రత్త. మార్చకండి, అమ్మకండి, ఎవరి మీదో కోపం వచ్చి చాట్ చెరిపేయకండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు ముందు పెట్టాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే తీసుకెళ్లి ఇస్తే చాలదు.

ఇవన్నీ ముందు పెట్టుకుని, తేదీలవారీగా రాయండి. ఏ రోజు, ఏం జరిగింది, దానికి రుజువేది. అంతకుమించి ఒక్క మాట వద్దు. బావ ఎంత దారుణంగా మాట్లాడాడో రాయాలనిపిస్తే వేరే కాగితం మీద రాసుకోండి, అదీ అవసరమే. ఈ పని శ్రద్ధగా చేసినవాళ్లకు తమ జ్ఞాపకంలో ఎక్కడో ఒకచోట పొరపాటుందని తెలిసిపోతుంది. ఆ పొరపాటు ఇంట్లో కూర్చున్నప్పుడు బయటపడితే సరిదిద్దుకోవచ్చు. అదే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు బయటపెడితే, మీరు చెప్పిన మిగతా నిజాల మీద కూడా నీడ పడుతుంది.

ఇక నోటీసు. మీ కోపం చల్లారకముందే నోటీసు పంపుదామంటే ఒప్పుకోకండి. నోటీసులో వాడిన ప్రతి మాటా ఏళ్ల తర్వాత మీ ఎదుటే చదువుతారు. ముఖ్యంగా ఆ 14 లక్షలను ఏమని అంటారన్నది ఆలోచించండి. మామూలు మాటల్లో మనం "బావకు డబ్బిచ్చాను" అంటాం. అప్పు ఇచ్చాను అని నోటీసులో రాస్తే, ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లలో దావా వేయాలి. మధ్యలో ఆయన సంతకంతో ఒప్పుకోలు లాంటిదేమీ లేకపోతే ఆ గడువు ఎప్పుడో దాటింది. పెట్టుబడిగా పెట్టాను అంటే లెక్క వేరు. రద్దయిన భాగస్వామ్యం లెక్కలు, లాభం వాటా అడగడానికి రద్దయిన రోజు నుంచి మూడేళ్లు ఉంటుంది. మీ విషయంలో నిజం పెట్టుబడే కాబట్టి నిజమే రాయండి, తొందరలో మాట మార్చకండి. "ఇందులో నీ వాటా ఏముంది" అని మీ బావ అన్న రోజునే భాగస్వామ్యం తెగిపోయిందని రేపు ఎవరైనా వాదించొచ్చు. ఆ తేదీ గుర్తుండగానే రాసిపెట్టుకోండి, మూడేళ్ల లెక్క అక్కడి నుంచే వేసుకోండి. అమ్మ కోసం, పండక్కి, పెళ్లికి అని వాయిదా వేస్తూ పోతే ఆ మూడేళ్లు తెలియకుండానే గడిచిపోతాయి.

నేను భాగస్వామిని అన్నాక దాని రెండో వైపు కూడా మీదే అవుతుంది. భాగస్వామ్యం చేసిన అప్పులకు ప్రతి భాగస్వామీ, మిగతావాళ్లతో కలిసీ విడిగానూ, పూర్తిగా బాధ్యుడు. కంపెనీలకు కట్టాల్సిన బాకీలు, బ్యాంకు అప్పు, మీకు తెలియకుండా ఈ రెండేళ్లలో షాపు కోసం చేసిన అప్పులు కూడా ఇందులో ఉండొచ్చు. లెక్క తేల్చేటప్పుడు ముందు బయటివాళ్ల బాకీలు, తర్వాత భాగస్వాములు అదనంగా ఇచ్చిన అప్పులు, ఆ తర్వాత పెట్టుబడులు తీర్చి, మిగిలితేనే పంచుతారు. బావ చెబుతున్న "బాకీలు వసూలు కావడం లేదు" అన్న మాట అబద్ధమే కావచ్చు. నిజమైతే మాత్రం మీరు పోరాడి గెలుచుకునే వాటా చాలా చిన్నదై ఉండొచ్చు. కాబట్టి వాటా ఉందా లేదా అని తేల్చుకోవడంతో పాటు, అది ఎంత అన్నది కూడా ముందే అంచనా వేయాలి.

చీటింగ్ కేసు గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెట్టవద్దు. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ 420వ సెక్షన్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వచ్చింది. సెక్షన్ ఏదైనా, డబ్బు తీసుకున్న రోజునే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపాలి. ఏళ్ల తరబడి సగం సగం పంచి ఇచ్చిన మనిషికి 2015లోనే ఆ ఉద్దేశం ఉందని మీరెలా చెబుతారు? ఆయన పంచి ఇచ్చాడన్నదే కదా మీ అసలు బలం. రెండు వాదనలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సివిల్ తగాదాలకు క్రిమినల్ రంగు పూసే ధోరణిని సుప్రీంకోర్టు 2006లో ఒక తీర్పులో గట్టిగానే తప్పుపట్టింది. ఆ తర్వాతా అదే మాట చెబుతూ వచ్చింది. భయపెట్టి దింపుదామని పెట్టిన కేసు కొట్టేస్తే, అవతలివాళ్లు ఆ ఉత్తర్వు నకలు తీసుకుని రెట్టింపు ధైర్యంతో కూర్చుంటారు. కొట్టేయకపోతే, అక్క ఇంటికి పోలీసులు వెళ్లిన రోజును ఎవరూ వెనక్కి తేలేరు. ఇక మీదట లెక్కలు తారుమారు చేశారనో, మీ సంతకం ఫోర్జరీ చేశారనో బయటపడితే అది వేరే సంగతి, అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు.

సివిల్ కోర్టు దారి ఉంది, అది ఎటు తీసుకెళ్తుందో తెలిసి వెళ్లండి. మీది రిజిస్టర్ చేయని భాగస్వామ్యం. భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ వల్ల, వ్యాపారం నడుస్తుండగా నా ఈ ఏటి లాభం ఇప్పించండి అని మీరు బావ మీద దావా వేయలేరు. భాగస్వామ్యాన్ని రద్దు చేయమని, రద్దయిన దాని లెక్కలు తేల్చమని మాత్రం వేయగలరు. అంటే మీకు కోర్టు తలుపు తెరుచుకునేది వ్యాపారాన్ని ముగించే వైపు నుంచే. మీ భార్య కోర్టుకు వెళ్దామన్నప్పుడు, షాపులో మళ్లీ మీ కుర్చీలో మీరు కూర్చుంటారని ఆవిడ అనుకుంటున్నారేమో అడగండి. ఆ దావాతో అది రాదు.

భాగస్వామ్య వివాదం విలువ 3 లక్షలకు తగ్గకపోతే కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వస్తుంది. అత్యవసరంగా ఆస్తి కదల్చకుండా ఆపమని ఉత్తర్వు కోరితే తప్ప, దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. 12ఏ సెక్షన్‌లోని ఈ షరతు తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత దావాలో ముందు ఎవరికెంత వాటా అన్న ప్రిలిమినరీ డిక్రీ, తర్వాత లెక్కలు చూడటానికి కోర్టు నియమించే కమిషనర్, ఆ నివేదిక మీద అభ్యంతరాలు, అప్పుడు ఫైనల్ డిక్రీ. డిక్రీ చేతికొచ్చినా డబ్బు రాకపోతే ఈపీ, అంటే డిక్రీని అమలు చేయించమనే పిటిషన్, వేసి మళ్లీ నడవాలి. డిక్రీ కాగితం పట్టుకుని వసూలు కోసం తిరిగేవాళ్లు కోర్టు ఆవరణలో రోజూ కనిపిస్తారు. ఈలోగా షాపు నడిపేది, సరుకు అమ్మేది, బాకీలు వసూలు చేసుకునేది మీ బావే. దావాకు భయపడమని కాదు. గడువు దాటిపోయే పరిస్థితి వచ్చినా, ఆయన ఆస్తులు చేతులు మారుస్తున్నా వెయ్యక తప్పదు, వెంటనే వెయ్యాలి కూడా. అలాంటిదేమీ లేనప్పుడు మాత్రం దాన్ని చివరికి ఉంచండి.

మధ్యలో ఉన్నది, నేనైతే ముందు ప్రయత్నించమనేది, లెక్క చూసి విడిపోవడం. ఆ 6 లక్షలు తక్కువని మీకు అనిపించింది, నాకూ అనిపిస్తోంది. కానీ లెక్క చూడకుండా ఎంతైతే న్యాయమో మనిద్దరం చెప్పలేం. అంకె మీద బేరం మొదలుపెడితే 6 కాస్తా 8, 9 అవుతుంది, అందరూ అలసిపోయి అక్కడ ఆగుతారు. కాబట్టి మొదట అంకె అడగకండి, పుస్తకాలు అడగండి. లెక్క పుస్తకాలు చూసి నకలు తీసుకునే హక్కు ప్రతి భాగస్వామికీ భాగస్వామ్య చట్టం 12వ సెక్షన్ ఇచ్చింది. చేతిలో సరుకెంత, రావాల్సిన బాకీలెన్ని, ఇవ్వాల్సినవెన్ని, బ్యాంకుకు ఎంత అన్నవి తెలిస్తే సగం అంచనా దొరుకుతుంది. సీసీ లిమిట్ ఉంది కాబట్టి బ్యాంకుకు ఎప్పటికప్పుడు స్టాక్ స్టేట్‌మెంట్లు ఇచ్చి ఉంటారు. ఆయన మీకు చెప్పే సరుకు, బ్యాంకుకు చెప్పిన సరుకు ఒకటేనా అన్నది చూడదగ్గ విషయం. మీకూ బావకూ సంబంధం లేని ఒక ఆడిటరు చేత ఇది చూపించండి.

రాజీ కుదిరితే అందులో మొదటి షరతు డబ్బు కాకూడదు. మీ జామీను విడుదల, ఇంటి కాగితాలు వెనక్కి రావడం ముందుండాలి. అదీ "నేను చూసుకుంటాలే" అన్న బావ హామీగా కాదు, బ్యాంకు ఇచ్చిన లేఖగా రావాలి. మీరిద్దరూ ఎంత పెద్ద స్టాంపు కాగితం మీద రాసుకున్నా అది బ్యాంకును కట్టిపడేయదు. వేరే ఆస్తి పెట్టో, లిమిట్ తగ్గించుకునో మిమ్మల్ని విడిపించడం ఆయన పని. మొత్తం ఒకేసారి ఇవ్వలేనంటే వాయిదాలు ఒప్పుకోండి, తేదీలు వేసిన చెక్కులు తీసుకోండి. చెక్కు తిరిగొస్తే ఆ సంగతి బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసివ్వాలి. అందిన 15 రోజుల్లో ఆయన కట్టకపోతే, ఆ తర్వాత నెలలోగా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద ఫిర్యాదు వేయాలి. ఈ గడువులు తెలిసి ఉండటం మంచిది. "మొత్తం ముట్టింది" అన్న రసీదు ఆఖరి వాయిదా వచ్చాకే ఇవ్వండి. బయటికి వచ్చినట్టు చట్ట ప్రకారం పబ్లిక్ నోటీసు ఇవ్వకపోతే, ఆ తర్వాతి అప్పులకూ మిమ్మల్ని లాగే అవకాశం ఉంటుంది, అది మరవకండి. మధ్యవర్తిత్వ కేంద్రంలోనో లోక్ అదాలత్‌లోనో రాజీ నమోదైతే దానికి అమలు చేయించుకునే బలం వస్తుంది. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు కూడా ఉండదు, కాబట్టి సంతకానికి ముందు రెండుసార్లు చదవండి.

ఒకవేళ బావే మెత్తబడి, కలిసే నడుపుదాం రమ్మంటే? అవమానం గుర్తొచ్చి వెంటనే కాదనకండి. భాగస్వామ్య ఒప్పంద పత్రం (డీడ్) రాసి రిజిస్టర్ చేయించి, మేనల్లుడి స్థానమేమిటో కూడా అందులోనే తేల్చి, ట్యాలీ మీకు కనిపించి, బ్యాంకు ఖాతాలో ఇద్దరి సంతకాలూ ఉండేలా అయితే ఆలోచించదగ్గదే. వీటిలో లెక్కలు చూపించడానికి ఆయన వెనకాడితే మిగతావి రాసుకున్నా ఉపయోగం లేదు.

అన్నీ వదిలేసి వేరే పని చూసుకుంటాను అన్నా నేను తప్పుపట్టను. అలా వెళ్లి బాగుపడినవాళ్లను చూశాను. కానీ వాటా వదులుకున్నా జామీను మిమ్మల్ని వదలదు. మీ అమ్మగారు చెప్పినట్టు ఏమీ అనకుండా ఊరుకున్నా, బ్యాంకు సంగతి మాత్రం తేల్చుకోవాల్సిందే. ఆవిడకు ఈ మాట నెమ్మదిగా చెప్పండి. కొడుకు డబ్బు కోసం కూతురి కాపురం మీదికి వెళ్తున్నాడని ఆవిడ భయం. మనవలు ఉండే ఇల్లు తాకట్టులో ఉందని ఆవిడకు తెలుసా?

అక్కను రాయబారిని చేయకండి. మీ మాట ఆయనకు, ఆయన మాట మీకు మోసి, చివరికి ఇద్దరి దగ్గరా మాట పడేది ఆవిడే. అయితే నోటీసు గానీ, మధ్యవర్తిత్వం పిలుపు గానీ పోస్టులో వచ్చి ఆవిడ గుమ్మంలో అందుకునే పరిస్థితి రానివ్వకండి. అంతకు ముందే మీరు స్వయంగా వెళ్లి, "అక్కా, లెక్క తేల్చుకోవాలి, ఇల్లు విడిపించుకోవాలి, బావ మీద పోలీసు కేసులు పెట్టి లాగను" అని చెప్పండి. ఆవిడ ఏమంటారో, ఎటు మొగ్గుతారో మీ చేతిలో లేదు. ఆ మాట ముందు మీ నోటి నుంచి వినడం ఆవిడకు అవసరం.

కష్టానికి విలువ లేదా అని అడిగారు. ఉంది. ఆ షాపు పేరు చెప్పగానే సరుకు పంపే కంపెనీలు, మీ మాట మీద అప్పు తీర్చే చిన్న షాపులవాళ్లు అంతా మీ కష్టమే. కానీ కోర్టు తేల్చేది లెక్క. బావ నోటితో "నువ్వే లేకపోతే ఈ షాపు లేదు" అనిపించే డిక్రీ ఎక్కడా ఉండదు. ఆ మాట కోసమే ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగేవాళ్లుంటారు, డబ్బు వచ్చినా వాళ్లకు తృప్తి ఉండదు. మీకు కావాల్సింది ఇల్లా, డబ్బా, ఆ మాటా అన్నది లాయరు దగ్గరకు వెళ్లకముందే మీలో మీరు తేల్చుకోండి. ఆ మాటే కావాలనుకుంటే కుటుంబంలో మీ బావ గౌరవించే పెద్ద ఎవరైనా ఉంటే వాళ్ల ముందు కూర్చోవడం మేలు.

లాయరు దగ్గరకు మీ భార్యను కూడా తీసుకెళ్లండి. 5 లక్షలు ఆవిడ బంగారం మీద వచ్చినవి, తాకట్టు రసీదు ఆవిడ పేరు మీదే ఉంటే ఆవిడ సాక్షి కూడా. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉందేమో, 2019లో బ్యాంకు కాగితాల మీద ఆవిడ చేత కూడా సంతకం పెట్టించారేమో మీరు ఉత్తరంలో రాయలేదు. పెట్టి ఉంటే జామీను ఆవిడ మీద కూడా ఉన్నట్టే, బ్యాంకుకు ఇచ్చే లేఖలో ఆవిడ పేరూ ఉండాలి. ఆ పత్రాల నకళ్లు వచ్చాక వాటిని చదవకుండా బావకు ఏ జవాబూ ఇవ్వకండి, ఆ 6 లక్షలకు అవుననీ కాదనీ కూడా.